మస్తాన్ తొట్టిలో తోడు నీళ్లు

మట్టిలో బ్యాక్టీరియాల మీద ఉద్యోగం అనగానే ఈ కాలం పిల్లల ముఖాలు వెలుగుతాయి. తెల్లకోటు, మైక్రోస్కోపు, పత్రికలో పేరు. నేను చేసిన ఉద్యోగంలోనూ తెల్లకోటు ఉంది. దానికి ఎప్పుడూ పులిసిన గంజి వాసన వచ్చేది. మా ఇంట్లో దాన్ని మిగతా బట్టలతో కలిపి ఉతకనిచ్చేవాళ్లు కాదు. ఆ కోటు విడిచి చాలా ఏళ్లయింది. ఆ వాసన గుర్తొస్తే ఇప్పటికీ నోరు చేదవుతుంది. ఆ చేదుకు కారణం గంజి కాదు.

నా ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి రాయను. అవి కావలసినవాళ్లకు నా రిటైర్మెంటు సభలో చదివిన సన్మానపత్రం ఉంది. అందులో సగం అబద్ధం, మిగతా సగం విశేషణాలు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పవలసింది నా దగ్గర ఒకటే ఉంది. అది చీరాలలో ఒక అద్దకం పెరట్లో జరిగింది. సన్మానపత్రంలో దాని ఊసు లేదు. ఉంటే నాకు శాలువా కప్పేవాళ్లు కాదు.

పని ఏమిటంటే

మాది నల్లపాడు పక్క మిరపతోటల ఊరు. గుంటూరులో సైన్సు చదివి, పందొమ్మిదివందల యాభైల్లో అక్కడే ఒక చిన్న ప్రయోగశాలలో చేరాను. దాని పేరు ఇక్కడ అనవసరం. పత్తి మిల్లు వెనక ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని అందులో నడిపేవాళ్లు. కిటికీ తెరిస్తే దూది లోపలికి వచ్చేది, మూస్తే మాకు ఊపిరాడేది కాదు. సూక్ష్మజీవులు పెంచే చోటు ఎలా ఉండకూడదో చూపించడానికి కట్టినట్టుండేది ఆ ఇల్లు.

మా పని గంజిని తినే బ్యాక్టీరియాను మట్టిలోంచి వెతికి పట్టుకోవడం. నేసేటప్పుడు పడుగు దారం తెగకుండా గంజి పెడతారు కదా. నేత అయ్యాక ఆ గంజి పూర్తిగా పోవాలి. లేకపోతే రంగు ఒకచోట పట్టి ఇంకోచోట పట్టదు, గుడ్డంతా మచ్చలు తేలుతుంది. మిల్లుల్లో దీనికి ఆసిడ్ వాడేవాళ్లు. ఆసిడ్ గంజితోపాటు గుడ్డనీ కాస్త తినేది. మట్టిలో కొన్ని బ్యాక్టీరియాలు ఒక ఎంజైమును విడుదల చేస్తాయి. అది గంజిని ముక్కలు చేసి నీళ్లలో కలిపేస్తుంది, నూలును మాత్రం ముట్టుకోదు. మా ఉద్యోగం మొత్తం ఈ చివరి మాట మీద నిలబడి ఉంది. నూలును ముట్టుకోదు.

రెండేళ్లపాటు ఒక చెంచా, కొన్ని రేకు డబ్బాలు పట్టుకుని తిరిగాను. బియ్యం మిల్లుల కాలవలు, మిరప కళ్లాలు, పత్తి చేలు, పూటకూళ్ల ఇళ్ల వెనక కుడితి గుంటలు. మిరప కళ్లంలో మట్టి తీస్తుంటే ఒక రైతు, "ఏంది నాయనా, మా మట్టి యాడికి పట్టుకుపోతన్నా?" అని అడిగాడు. గంజి తినే పురుగు కోసం అంటే నన్ను పైనుంచి కిందకి చూసి, "చదువుకున్నోడివే, ఏం పొయ్యేకాలం!" అన్నాడు. ఆ రోజు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ రైతు మాటలో పెద్ద తప్పేమీ కనిపించడం లేదు.

తెచ్చిన మట్టిని నీళ్లలో కలిపి, గంజి కలిపిన గాజు పళ్లేల మీద పరిచి, బ్యాక్టీరియా పెరిగాక అయోడిన్ నీళ్లు పోయాలి. గంజి ఉన్నంతమేరా పళ్లెం నీలంగా మారుతుంది. గంజిని తినే బ్యాక్టీరియా ఉంటే దాని చుట్టూ మాత్రం తెల్లగా ఒక గుండ్రం మిగులుతుంది. ఎంత పెద్ద గుండ్రమైతే అంత మంచి బ్యాక్టీరియా. రెండేళ్లలో నాకు దొరికినవన్నీ పావలా కాసంత గుండ్రాలే.

చివరికి చీరాల సాలెల వీధిలో ఒక ముసలాయన దారి చూపించాడు. పడుగు వీధి పొడుగునా సాగదీసి కుంచెతో గంజి పూస్తున్నాడు. "మట్టిలో ఏం వెతుకుతావులే. గంజి వదలగొట్టే సంగతి కావాలంటే అద్దకం మస్తాన్ కాడికి పో" అన్నాడు.

మస్తాన్

అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, చీరాల గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఊరి చివర మస్తాన్ పెరడు. పెరట్లో రెండు సున్నపు తొట్లు, రంగు కాగులు, ఆరేసిన లుంగీ తానులు. మనిషికి నలభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా నీలం రంగు పట్టి ఉండేది, ఎంత కడిగినా పోయేది కాదు. బట్టల షావుకారు పంపిన తానులు మధ్యాహ్నం తొట్టిలో నానబెట్టి మర్నాడు పొద్దున తీసేవాడు. అప్పటికి గంజి చుక్క మిగిలేది కాదు. ఆసిడ్ లేదు, మందు లేదు.

ఎలా పోతోందని అడిగాను. తొట్టి అడుగున జానెడు మురికినీళ్లు చూపించాడు.

"ఎప్పుడూ మొత్తం తోడం బాబూ. జానెడు వదిలేస్తాం. మీ ఇళ్లల్లో పాలకి తోడు వెయ్యరూ, అట్టాగే. కొత్త నీళ్లు దాని మీదే పోస్తాం."

"ఎప్పటి నుంచి?"

"మా మామ నా కప్పగించాడు. ఆయనకి వాళ్ల మామ. ఈ తొట్టి అడుగు ఎట్టుంటదో నేనయితే చూళ్లా."

తర్వాత ఆయన చేసిన పని నేను మరిచిపోలేదు. తీసిన గుడ్డ అంచులోంచి ఒక దారం లాగి, నాలుకతో తడిపి, చెవి దగ్గర పట్టుకుని తెంపాడు. టప్ మంది. "నూలు మాట్లాడాలి. మాట్లాడిందా, గుడ్డ బతికుంది. చప్పుడు రాలేదా, రంగెయ్యడం దండగ." ప్రతి తానుకీ అంతే. ఆ చప్పుడు వినకుండా ఒక్క గుడ్డ కూడా రంగు కాగులోకి వెళ్లేది కాదు.

ఆ తోడు నీళ్లు ఒక డబ్బాలో తెచ్చుకున్నాను. రెండు రోజుల తర్వాత పళ్లెం మీద అయోడిన్ పోస్తే నీలం కోసం వెతకాల్సి వచ్చింది. పళ్లెం అంతా తెలుపే. ల్యాబులో ఒక్కణ్ణే ఉన్నాను, అయినా పైకి అరిచాను. ఉద్యోగంలో నాకు నిజంగా సంతోషం కలిగిన రోజు అదొక్కటే కావడం వల్ల ఇంత వివరంగా గుర్తుంది.

అన్నం పెట్టి చెడగొట్టడం

ఆ బ్యాక్టీరియాను ట్యూబుల్లోకి ఎక్కించి, బాగా పెరగాలని చక్కెర కలిపిన ఆహారం పెట్టాను. ఏపుగా పెరిగింది. ఆరునెలలు అలా మార్చి మార్చి పెంచాక పరీక్ష చేస్తే గుండ్రం పావలా కాసంతకు దిగింది. చక్కెర దొరుకుతుంటే గంజి విరగ్గొట్టుకునే అవసరం దానికి లేకపోయింది. ఆ విద్య మరిచిపోయినవే ట్యూబులో మిగిలాయి.

తలవంచుకుని ఖాళీ డబ్బాతో మళ్లీ చీరాల వెళ్లాను. సంగతి విని మస్తాన్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

"అన్నం పెట్టి చెడగొట్టారు బాబూ! కష్టపడే దాన్ని కూసోబెట్టి మేపితే అల్లుడైపోద్ది. గంజి పెట్టండి, అదీ పల్చగా."

అప్పటి నుంచి దానికి గంజి తప్ప ఇంకేమీ పెట్టలేదు. ఈ సంగతి ఇప్పుడు పుస్తకాల్లో ఉంటుంది. నాకు ఒక సంతకం పెట్టడం రాని మనిషి చెప్పాడు.

మా ఆఫీసరు సీతాపతి గారు దీని మీద వ్యాసం రాశారు. పల్చటి గంజి మీద పెంచాలన్నది ఆయన కనిపెట్టినట్టే ఉంది అందులో. బ్యాక్టీరియా ఎక్కడిదన్న చోట 'గుంటూరు జిల్లా మట్టి నమూనా' అని ఉంది. టైపు చేసింది నేనే. నా పేరు లేదని నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మస్తాన్ పేరు లేదన్న సంగతి అప్పుడు నాకు తట్టనైనా తట్టలేదు. సీతాపతి గారిని తిట్టుకునేటప్పుడల్లా ఇది కూడా గుర్తుచేసుకుంటాను.

సీతాపతి గారు

ఆయన తెలివితక్కువవాడు కాదు. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఆయనకు సాటి వచ్చేవాళ్లు జిల్లాలో లేరు. ఆయనకు ఉన్న జబ్బల్లా పెద్దమనుషుల ముందు ఏదో ఒకటి తెరిచి చూపించాలన్న కోరిక. అరవైలు వచ్చేసరికి మేము తవుడు మీద ఆ బ్యాక్టీరియాను పెంచి, ఆరబెట్టి, పొడి చేయడం నేర్చుకున్నాం. గుప్పెడు పొడితో ఒక తొట్టి గుడ్డ తేలిగ్గా శుభ్రపడేది. ఆ పొడిని హైదరాబాదు నుంచి వచ్చే పెద్దల ముందు చూపించాలని ఆయన నిర్ణయించారు. ల్యాబులో కాదు, నిజమైన అద్దకం పెరట్లో. అంటే మస్తాన్ పెరట్లో. తొట్టికి లక్క సీలు వేసి ఉంచాలి, వచ్చిన పెద్దాయన కత్తెరతో తాడు కత్తిరించాలి, లోపల గంజి లేని గుడ్డ కనిపించాలి.

"ఆ తొట్టి కంపు కొడుతోందయ్యా. బ్లీచింగ్ పౌడరుతో తోమించి సున్నం కొట్టించు. మన పొడి ఒక్కటే పని చేసిందని తెలియాలి. ఆ పాత నీళ్లుంటే ఎవరు నమ్ముతారు?" అన్నారు నాతో.

మాట న్యాయంగానే ఉంది. ప్రయోగమంటే అంతే కదా. నేనే చీరాల వెళ్లి మస్తాన్‌కు చెప్పాను.

"తొట్టి తోమడమా? మా మామ గోరీలోంచి లేచొస్తాడు" అన్నాడు. ముందు తమాషా అనుకున్నాడు. నేను కాదనేసరికి నవ్వు ఆపేశాడు. "వద్దు బాబూ. రెండో తొట్టి కూడా దీని తోడుతోనే నడుస్తంది. ఇది పోతే రెండూ పోయినట్టే."

"మా పొడిలో ఉన్నది మీ తోడేగా మస్తాన్ గారూ. రేపు ఎప్పుడు కావాలన్నా గుప్పెడు చల్లుకోవచ్చు. పెద్దవాళ్లు చూస్తే మీ పెరటికి పేరొస్తుంది. నా మాట నమ్మండి."

"మీ మాట మీద" అన్నాడు చివరికి. ఆ తర్వాత పెరట్లోంచి వీధిలోకి వెళ్లిపోయాడు. పాత నీళ్లు పెరట్లో ఎక్కడా మిగలకూడదని రెండు తొట్లూ తోమించింది నేను. కూలివాళ్లు బకెట్లతో తోడి కాలవలో పోస్తుంటే మస్తాన్ భార్య జానాబీ ఒక కుండ పట్టుకుని వచ్చింది.

"కాసిని నీళ్లు దీంట్లో తీసి పెట్టేదా బాబూ? ఎందుకైనా మంచిది."

"అక్కర్లేదమ్మా. ల్యాబులో మా దగ్గర భద్రంగా ఉంది" అన్నాను.

ఆమె కుండ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నా సర్వీసులో నేను చేసిన తప్పులకు జాబితా రాస్తే ఈ వాక్యం మొట్టమొదట ఉండాలి. కుండెడు నీళ్లు పట్టనివ్వడానికి నాకేం పోయింది? ఏమీ పోదు. చదువుకున్నవాడి పొగరు, అంతే.

పచ్చ మచ్చ

పొడి తయారుచేసే వారంలో కరెంటు రెండుసార్లు పోయింది. తవుడు ట్రేలను ఆవిరిలో ఉడికించే యంత్రం సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఉడికించాలి. టైము లేదని అలాగే బ్యాక్టీరియా ఎక్కించాం. మూడో రోజు ఒక ట్రే మూల పచ్చటి మచ్చ కనిపించింది. బూజు. సీతాపతి గారిని పిలిచి చూపించాను.

"చెంచాతో అంతమేరా తీసేసి మిగతాది కలిపెయ్యి" అన్నారు.

బూజుల్లో కొన్ని గంజితో ఆగవు, నూలును కూడా తింటాయి. అందుకే పొడి బయటకు పంపేముందు ఒక పరీక్ష ఉండేది. ట్యూబులో కాస్త పొడి నీళ్లలో కలిపి, అందులో వడపోత కాగితపు ముక్క వేలాడదీయాలి. ఆ కాగితమూ నూలూ ఒకే సరుకు. వారం రోజులైనా కాగితం గట్టిగా ఉంటే పొడి మంచిది. మాకు వారం లేదు. కాగితం వేలాడదీసి, ఫలితం రాకముందే 'పరీక్షించడమైనది' అన్న చీటీ మీద సంతకం పెట్టాను. ఆయన పెట్టమన్నారు. నా చెయ్యి పట్టుకుని మాత్రం పెట్టించలేదు.

పొడి తీసుకుని చీరాల వెళ్లి తొట్టిలో కలిపాం. షావుకారు పంపిన లుంగీ తానులన్నీ, ఆ నెలలో మస్తాన్‌కు వచ్చిన సరుకంతా, అందులోనే వేయించారు సీతాపతి గారు. తొట్టి నిండుగా కనిపించాలట. చెక్కలు మూసి, తాడు కట్టి, లక్క పోశారు. పెద్దలు వచ్చేది మూడో రోజు.

"ఒక్క పూట పని బాబూ ఇది. రేపు పొద్దున తీసి దారం చూడనీయండి" అన్నాడు మస్తాన్.

"సీలు మీద చెయ్యి పడిందా, ఊరుకోను సాయిబూ" అన్నారు సీతాపతి గారు. మస్తాన్ నావైపు చూశాడు. ఏం కాదులెమ్మన్నట్టు తలాడించాను.

సీలు వేసిన మర్నాడు పొద్దున ల్యాబు తలుపు తెరవగానే ట్యూబు దగ్గరకు వెళ్లాను. వేలితో ఒకసారి తట్టాను. కాగితం మధ్యకి తెగి కింద పడింది. వారం నిలవాల్సిన కాగితం వేలాడదీసిన నాలుగో రోజుకే పోయింది.

చీరాలలో మూతపెట్టిన తొట్టిలో ఏం జరుగుతోందో నాకు అర్థమైంది. అప్పటికప్పుడు తీసి జాడిస్తే చాలామటుకు గుడ్డ దక్కుతుంది. సీతాపతి గారు ఊళ్లో పెద్దలను కలుసుకునే హడావిడిలో ఉన్నారు. టెలిగ్రాం ఇవ్వాలంటే ఆఫీసు రిజిస్టర్లో రాయాలి. రాస్తే, పరీక్ష పూర్తికాకుండా నేను సంతకం పెట్టిన సంగతి బయటపడుతుంది. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. కాబట్టి ఒక పోస్టుకార్డు రాశాను. 'మందులో తేడా ఉంది. కార్డు అందగానే తొట్టి తెరిచి గుడ్డ తీసేయండి. సీలు సంగతి నేను చూసుకుంటాను. కోటేశ్వరరావు.' రాసి స్టేషను పక్క డబ్బాలో వేశాను. పొద్దుటి బండి అప్పటికే వెళ్లిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత కూడా గుర్తొచ్చిన ప్రతిసారీ అదే చెప్పుకున్నాను.

సీలు తీసిన రోజు

మూడో రోజు పెద్దలతోపాటు జీపులో నేను కూడా వెళ్లాను. దారి పొడుగునా ఒక్కటే ఆశ, కార్డు అంది ఉంటుందని. పెరట్లో అడుగుపెట్టగానే లక్క సీలు చెక్కుచెదరకుండా కనిపించింది. కార్డు అందలేదు.

తాడు కత్తిరించారు. ఒక తాను పైకి తీశారు. సీతాపతి గారు దాని మీద అయోడిన్ చుక్క వేశారు. నీలం రాలేదు. గంజి పూర్తిగా పోయింది. పెద్దాయన చప్పట్లు కొట్టారు, చుట్టూ ఉన్నవాళ్లూ కొట్టారు. నేనూ కొట్టాను. నా చేతుల చప్పుడు నాకే వినిపించింది.

మస్తాన్ ఎవరినీ చూడకుండా వంగి అంచులోంచి దారం లాగాడు. నాలుకతో తడిపి చెవి దగ్గర తెంపాడు. చప్పుడు లేదు. ఇంకో దారం. లేదు. ఇంకో తానులోంచి ఇంకోటి. ఆఖరికి గుడ్డను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా విడదీశాడు. తడిసిన కాగితంలా చీలిపోయింది. చప్పట్లు ఆగిపోయాయి.

"జానా, చూడు" అన్నాడు భార్యతో.

సీతాపతి గారికి ఒక్క క్షణం చాలింది. "ఏం నీళ్లు పోశావు సాయిబూ? తొట్టి సరిగ్గా కడగలేదా?" అని గద్దించారు. పెద్దలవైపు తిరిగి, "మా పొడి పరీక్షించే తెచ్చాం. ఏమయ్యా, అంతేనా?" అని నన్ను అడిగారు.

"అంతే సార్. పరీక్ష సరిగ్గానే ఉంది" అన్నాను.

పదిరోజుల తర్వాత ల్యాబులో విచారణ పెట్టారు. మస్తాన్‌ను పిలిపించి బల్లకు ఒక పక్కన నిలబెట్టారు. ఆయన చొక్కా జేబులోంచి, ఆలస్యంగా అందిన నా కార్డు మూల బయటికి కనిపిస్తోంది. పోస్టాఫీసు ముద్రతో సహా. దాన్ని బల్ల మీద పెడితే, సీలు తీయడానికి ముందురోజే మాకు సంగతి తెలుసని తేలిపోతుంది. నా ఉద్యోగం పోతుంది, సీతాపతి గారి పరువు పోతుంది, షావుకారు దగ్గర మస్తాన్ నిలబడగలుగుతాడు. మళ్లీ నన్నే అడిగారు. మళ్లీ అదే చెప్పాను. చెబుతున్నంతసేపూ మస్తాన్ నా ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు.

"నువ్వేమంటావు?" అని ఆయన్ని అడిగారు.

"నీళ్లలో ఏదో ఉండుంటదిలెండి" అన్నాడు. కార్డు జేబులోనే ఉంది.

'అద్దకందారు తొట్టి నీటిలో లోపం' అని నివేదిక. దాన్నీ నేనే టైపు చేశాను.

షావుకారు మళ్లీ గుడ్డ ఇవ్వలేదు. ఆ మాట విని మిగతావాళ్లూ ఇవ్వలేదు. ఎవరైనా ఇచ్చినా చేయడానికి తొట్టిలో తోడు లేదు. ఒకరోజు జానాబీ రైలెక్కి గుంటూరు వచ్చింది. చేతిలో అదే కుండ.

"మీ దగ్గరుందన్నారుగా బాబూ. కాసింత తోడు ఇప్పించండి. కొత్త నీళ్లకి గంజి వదలట్లా, కంపు కొడతంది."

లోపలికి వెళ్లి ట్యూబులు చూశాను. తవుడు ట్రేల బూజు వాటికీ ఎక్కింది. ఒక్కటి కూడా మిగలలేదు, అన్నీ పచ్చగా ఉన్నాయి. తరతరాలుగా ఎండని నీళ్లు నా చేతి మీదుగా కాలవలోకి పోయాయి. బయటికి వచ్చి ఆమెతో, "వచ్చేవారం రండమ్మా" అన్నాను. ఆమె వచ్చేవారం కూడా వచ్చింది. నేను ఆ రోజు సెలవు పెట్టాను.

సీతాపతి గారు రెండేళ్లలో పెద్ద పదవికి వెళ్లిపోయారు. మా ల్యాబు విదేశీ ఎంజైము డబ్బాలు తెప్పించి వాటిని పరీక్షించి చీటీలు అంటించే కార్యాలయంగా మారింది. నేను అందులోనే పర్మినెంటు అయ్యాను. కొత్తగా చేరేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి చోట చెడ్డ ఆఫీసరు ఒక్కడి వల్ల ఏదీ పాడవదు. ఆయన చెప్పింది చేసిపెట్టే మంచి సహాయకుడు ఒకడు కావాలి. నేను చాలా మంచి సహాయకుణ్ణి.

వాడరేవు

ఐదారేళ్లు గడిచాక నూలు వలలు ఉప్పునీళ్లలో ఎందుకు కుళ్లుతున్నాయో చూసి రమ్మని నన్ను చీరాల పక్క సముద్రపొడ్డున ఉన్న వాడరేవు పంపారు. ఎండుచేపలు పరిచిన ఇసుకలో నడుస్తుంటే ఒకచోట పెద్ద కాగులో తుమ్మచెక్క ఉడుకుతోంది. వల పాడవకుండా ఆ కషాయంలో ముంచి ఆరేస్తారు. కాగు దగ్గర నిలబడి వల తిప్పుతున్న మనిషి చేతులు మోచేతుల దాకా ఎర్రగోధుమ రంగులో ఉన్నాయి. నీలం పోయింది కాబట్టి ముందు పోల్చుకోలేదు.

"రండి బాబూ, కూసోండి" అన్నాడు మస్తాన్, నిన్న కలిసినట్టు. జానాబీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, నావైపు చూడకుండా లోపలికి వెళ్లింది.

"ఇక్కడేం చేస్తున్నారు?" అని అడిగాను.

"మీ పురుగులే బాబూ. అక్కడ పెంచా, ఇక్కడ చంపుతన్నా."

ఇన్నేళ్లూ నన్ను తొలిచిన మాట చివరికి అడిగేశాను. విచారణ రోజున కార్డు ఎందుకు చూపించలేదని.

"కాయితం చూపిస్తే కాయితం చెప్పినట్టయిద్ది. మీ నోటితో చెబుతారేమోనని చూశా. మీ మాట మీదేగా తొట్టి తోమనిచ్చింది."

ఆయన లేచి గుడిసెలోకి వెళ్లి ఒక రేకుపెట్టె తెరిచిన చప్పుడైంది. కార్డు తెచ్చాడు. అంచులు మెత్తబడ్డాయి, సిరా వెలిసింది. దాన్ని చేతిలో పట్టుకుని, ఇవ్వకుండా అడిగాడు.

"ఒక్కటి చెప్పండి. పోస్టుమేను నాకిది చదివి వినిపించిన కాడ్నించీ అడగాలనుంది. ఆ పూట చీరాల బండి లేదా బాబూ?"

వెళ్లిపోయిందన్న మాట నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుని చెప్పుకుని నున్నబడిన మాట. ఆయన కళ్లలోకి చూసి దాన్ని మింగేశాను.

"ఉంది" అన్నాను. "కార్డు డబ్బాలో వేసేటప్పటికి ఇంకా గంట టైముంది. బండి ప్లాట్‌ఫారం మీదే ఉంది."

మస్తాన్ తలూపాడు. కోపం రాలేదు, ఆశ్చర్యమూ కలగలేదు. కార్డు నా చేతిలో పెట్టాడు.

"మీ కాడే ఉంచుకోండి. నాకెటూ చదవడం రాదు."

తర్వాత కాగు దగ్గరకు వెళ్లిపోయాడు. నేను సాయంత్రం దాకా ఆ ఇసుకలోనే కూర్చున్నాను, ఆయన వల తిప్పుతూనే ఉన్నాడు.

ఆ కార్డు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. సర్వీసు మొత్తంలో నేను రాసిన నిజమైన నివేదిక అదొక్కటే, మూడు వాక్యాలు. ఈ ఉద్యోగంలో చేరబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది కూడా అంతకంటే ఎక్కువ లేదు. ట్యూబులో కాగితం తెగిందా, ఎవరి సంతకం కోసమూ ఆగకండి, కలం తీయకండి. చెప్పులేసుకుని స్టేషనుకు పరిగెత్తండి. బండి ఉంటుంది.